అలవాటైన విశ్వాసాన్ని కొత్తగా చూడటం ఎలా

గుంటూరు, బెజవాడల్లో క్రైస్తవ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళకి వాక్యానికి కరువు లేదు. నిద్ర లేవకముందే వాట్సాప్‌లో ఆ రోజు వాగ్దాన వచనం వచ్చి ఉంటుంది. టిఫిన్ చేస్తుంటే టీవీలో ఒక సందేశం, బండి మీద వెళ్తుంటే చెవిలో ఇంకొకటి. శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదివారం ఆరాధన, మధ్యలో ఎవరింట్లోనో కూడిక, నెలకోసారి ఆల్‌నైట్ ప్రార్థన. ఇంత విన్నాక కూడా యోహాను 3:16 చదువుతుంటే లోపల ఏమీ కదలదు. మొదటి రెండు మాటలు చెవిన పడగానే మిగతాది నోరు పూర్తి చేసేస్తుంది. మనసు మాత్రం మధ్యాహ్నం వంట దగ్గరో, కట్టాల్సిన ఈఎంఐ దగ్గరో ఉంటుంది.

ఇలా ఉందని ఎవరితోనైనా చెప్తే, "ఇంకాస్త ప్రార్థించండి, ఇంకో కూటానికి రండి" అంటారు. మంచి మనసుతోనే అంటారు. నా లెక్క వేరు. వినడం ఎక్కువై చూడటం తగ్గిపోయినప్పుడు ఇంకా వినడం వల్ల ప్రయోజనం ఉండదు. కొద్దిగా తీసుకుని దాని ముందు ఎక్కువసేపు కూర్చోవాలి. అది ఎలాగో కింద రాస్తున్నాను. కొత్తగా ప్రభువును నమ్ముకున్నవాళ్ళకి ఇది అంతగా అవసరం లేదు. వాళ్ళకి అన్నీ కొత్తగానే కనిపిస్తుంటాయి. పుట్టినప్పటినుంచీ సండే స్కూల్ బెంచీల మీద పెరిగినవాళ్ళ కోసం ఇది.

ముందు చెవులకి విశ్రాంతి ఇవ్వండి

ఒక నెలపాటు వాగ్దానాలు, సందేశాలు వచ్చే గ్రూపులన్నీ మ్యూట్‌లో పెట్టండి. గ్రూపులోంచి బయటికి రావద్దు, అనవసరంగా పది మంది ఫోన్లు చేస్తారు. యూట్యూబ్ ప్రసంగాలు కూడా ఆపండి, మీకు ఎంత ఇష్టమైన బోధకుడివైనా సరే. ఆ నెలంతా వారానికి ఒక్కటే సందేశం: మీ సంఘంలో, మీ పాస్టర్ గారు ఎదురుగా నిలబడి చెప్పేది. ఆయన గొప్ప వక్త కాకపోవచ్చు. అయినా మీ ఇంట్లో ఎవరికి బాగోలేదో, ఎవరి ఉద్యోగం పోయిందో తెలిసిన మనిషి ఆయన.

ఆదివారం సాయంత్రం ఆ సందేశంలోంచి ఒక్క వాక్యం రాసుకోండి. ఏదీ గుర్తు రాకపోతే "ఏదీ గుర్తు లేదు" అనే రాయండి. రెండు మూడు వారాలు అలా రాశాక, గుడిలో కూర్చున్నప్పుడు చెవులు వాటంతటవే నిటారుగా నిలబడతాయి.

రోజుకి ఒక్క సంఘటన

ఏడాదిలో బైబిల్ మొత్తం చదివే ప్రణాళికలు మన సంఘాల్లో జనవరి ఒకటిన పంచుతారు. 1,189 అధ్యాయాలు, అంటే రోజుకి మూడు పైనే. జీవితంలో ఒకసారి అలా చదవడం మంచిదే, ఏది ఎక్కడ ఉందో తెలుస్తుంది. కానీ లేవీయకాండం దగ్గర వెనకబడి, ఫిబ్రవరిలో ఒకే రోజు పన్నెండు అధ్యాయాలు లాగించేవాళ్ళు ఏం చూస్తారు? గళ్ళలో టిక్కులు పెట్టుకోవడమే మిగులుతుంది.

మార్కు సువార్త తీసుకోండి. నాలుగింటిలో చిన్నది, 16 అధ్యాయాలు. రోజుకి అధ్యాయం కాదు, ఒక్క సంఘటన. చదివే పద్ధతి ఇది. ఒకసారి పైకి, నెమ్మదిగా చదవండి. బైబిల్ మూసెయ్యండి. ఇప్పుడు ఆ సంఘటనను మీ ఇంటి మాటల్లో, చెల్లెలికి చెప్తున్నట్టు చెప్పండి. "అప్పుడాయన వారితో ఇట్లనెను" అని గ్రంథం భాషలో వద్దు. చెప్పడం అయ్యాక మళ్ళీ బైబిల్ తెరిచి, మీరు ఏం వదిలేశారో చూడండి. వదిలేసిందే ఆ రోజు మీరు చూడాల్సింది.

ఎనిమిదో అధ్యాయం 22వ వచనం నుంచి 26 దాకా చేసి చూద్దాం. బేత్సయిదాలో చూపు లేని మనిషి కథ. చాలామంది ఇలా చెప్తారు: "బేత్సయిదాలో చూపులేని ఒకాయన్ని తీసుకొచ్చారండీ. ఒక్కసారి ముట్టుకోండి అని బతిమాలారు. యేసు ప్రభువు చేతులు పెట్టాడు, చూపొచ్చింది." అంతే. సండే స్కూల్లో బొమ్మలు పెట్టి చెప్పింది కూడా ఇంతే.

ఇప్పుడు తెరవండి. యేసు ఆయన చెయ్యి పట్టుకుని ఊరి బయటికి నడిపించుకుని వెళ్ళాడు. జనం అడిగింది ముట్టుకోమని మాత్రమే. అక్కడే, అందరి ముందే ముట్టుకోవచ్చు. కానీ చెయ్యి పట్టుకుని నడిచాడు. దారిలో ఏం మాట్లాడుకున్నారో మార్కు రాయలేదు. చూపు లేని మనిషికి ఆ నడకంతా ఒక చేతి స్పర్శే. ఊరి బయట, కళ్ళ మీద ఉమ్మి వేసి, చేతులుంచి, "నీకేమైనా కనిపిస్తోందా?" అని అడిగాడు.

అప్పుడు ఆ మనిషి చెప్పిన జవాబు చూడండి. మనుషులు కనిపిస్తున్నారు, కానీ నడుస్తున్న చెట్లలా ఉన్నారు అన్నాడు. మన కూటాల్లో అయితే ఈ జవాబు రాదు. "దేవునికి స్తోత్రం, సంపూర్ణ స్వస్థత దొరికింది" అని మైకు అందుకుంటాం, వెనక కీబోర్డు మోగుతుంది. ఈయన సగమే కనిపిస్తోందని ప్రభువు ముఖం ముందే చెప్పాడు. ప్రభువు కోప్పడలేదు, "నీ విశ్వాసం తక్కువ" అనలేదు. మళ్ళీ చేతులు పెట్టాడు. అప్పుడు అంతా తేటగా కనిపించింది. ఇలా రెండుసార్లు చేతులు పెట్టి బాగుచేసిన సంఘటన నాలుగు సువార్తల్లో ఇదొక్కటే, అదీ మార్కు ఒక్కడే రాశాడు.

ఇక్కడితో ఆగకుండా అటూ ఇటూ చూడండి. దీనికి కాస్త ముందు, 18వ వచనంలో, యేసు శిష్యులనే అడుగుతాడు: కళ్ళుండీ చూడరా అని. కాస్త తర్వాత, 29వ వచనంలో, పేతురు "నీవు క్రీస్తువు" అంటాడు. అద్భుతమైన ఒప్పుకోలు. నాలుగు వచనాలు తిరక్కుండానే ప్రభువు అదే పేతురును గద్దించాల్సి వస్తుంది, ఎందుకంటే క్రీస్తు బాధపడి చనిపోవాలన్న మాట అతనికి మింగుడు పడలేదు. పేతురుకు కూడా సగమే కనిపిస్తోంది, చెట్లలా. చూపులేని మనిషికీ పేతురుకీ ఒక్కటే తేడా: సగమే కనిపిస్తోందని పేతురుకి తెలియదు.

మీరు మొదలుపెట్టాల్సిన చోటు కూడా అదే. మొదటి రోజు ప్రార్థనలో ఏది మసకగా ఉందో ప్రభువుతో చెప్పండి. "పునరుత్థానం నాకు పండగ రోజు పాటలాగే వినిపిస్తోంది, నా తమ్ముడి సమాధి దగ్గర నిలబడితే ఆ పాట పనిచెయ్యట్లేదు" అని చెప్పాల్సి ఉంటే అలాగే చెప్పండి. "ప్రేమా స్వరూపివైన మా పరలోకపు తండ్రీ" అని మొదలయ్యే పొడవాటి వరసని కొన్నాళ్ళు పక్కన పెట్టండి.

ఒక పేజీ, నాలుగు భాగాలు

లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చినప్పటినుంచీ ఈ ఊళ్ళో లూథరన్ మాట వినిపిస్తూనే ఉంది. అయినా ఆ శాఖకి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ తన మంగలికి రాసిపెట్టిన ప్రార్థన పద్ధతి మన లూథరన్ ఇళ్ళలోనే ఎక్కువమందికి తెలియదు. ఆ మంగలి పేరు పీటర్. ప్రార్థన ఎలా చెయ్యాలని అడిగితే 1535లో లూథర్ అతని కోసం ఒక చిన్న పుస్తకమే రాసిచ్చాడు. మంచి మంగలి తన చూపు, మనసు కత్తి మీదే ఉంచుతాడు, కబుర్లలో పడితే ఎదుటివాడి ముక్కో గొంతో కోస్తాడు, ప్రార్థన కూడా అంతే అన్నాడు. పద్ధతి ఏమిటంటే, ఒక వాక్యాన్ని నాలుగు పేటల దండలా అల్లుకోవడం: ఇది నాకేం నేర్పుతోంది, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏం ఒప్పుకోవాలి, ఏం అడగాలి.

ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, ఎడం పక్క పేజీని నాలుగు భాగాలు చేసుకోండి. బేత్సయిదా సంఘటననే తీసుకుంటే మొదటి భాగంలో "ఒక్కసారికే అంతా తేట కాకపోవచ్చు" అని, రెండో దాంట్లో చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని గుడికి తీసుకెళ్ళిన మనిషి పేరు, మూడో దాంట్లో అర్థం కాకుండానే ఆమేన్ అన్న సంగతి, నాలుగో దాంట్లో "మళ్ళీ చేతులు పెట్టు" అని రాసుకోవచ్చు. ఒక్కో దాంట్లో ఒకటి రెండు వాక్యాలు చాలు. మొత్తం పావుగంట మించనివ్వద్దు. మధ్యలో ఏదో ఒక భాగం దగ్గర మనసు కరిగి అక్కడే ఆగిపోతే మిగతావి వదిలెయ్యండి. ఆ సలహా కూడా లూథర్‌దే: ఆత్మ మాట్లాడటం మొదలుపెడితే నువ్వు ఊరుకో అన్నాడు.

కుడి పక్క పేజీ ఖాళీగా ఉంచండి. ఎందుకో చివర్లో చెప్తాను.

ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను. ఆ పుస్తకం వచ్చిన ఏడాదే పీటర్ తాగిన మత్తులో సొంత అల్లుణ్ణి పొడిచి చంపాడు. మరణశిక్ష తప్పింది కానీ ఊరు వదలాల్సి వచ్చింది. ఇంత మంచి పద్ధతి సాక్షాత్తూ లూథర్ చేతినుంచి అందుకున్న మనిషి. కాబట్టి నోట్‌బుక్ నిండినందుకు మీరు మారిపోయారని అనుకోకండి. మీ ఇంట్లోవాళ్ళని అడగండి, వాళ్ళకి తెలుస్తుంది.

ఎప్పుడు, ఎక్కడ

మార్కు 1:35లో యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ఏకాంత స్థలానికి వెళ్ళాడు. ముందు రోజు సాయంత్రం ఊరంతా ఆయన తలుపు దగ్గరే పోగైంది. కాబట్టి పని ఒత్తిడి వల్ల కుదరదనే మాట అక్కడ చెల్లదు. కానీ నాలుగింటికే లేవకపోతే పాపమన్నట్టు చెప్పడం కూడా నాకు నచ్చదు. పిల్లల క్యారేజీలు, మంచాన ఉన్న అత్తగారికి మందులు చూసుకునే ఇల్లాలికి, మిర్చి యార్డులో రాత్రంతా పనిచేసి తెల్లారి ఇంటికొచ్చే మనిషికి వేరే గంట కావాలి. ఏ గంటైనా ఫర్వాలేదు, రోజూ అదే గంట కావాలి. ఎండాకాలంలో మాత్రం ఎంత తెల్లవారుజామున అయితే అంత మేలు. ఏడు దాటితే గుంటూరులో మనసు ఎక్కడా నిలవదు.

రోజూ బెజవాడ–గుంటూరు మధ్య బస్సులో తిరిగేవాళ్ళకి దేవుడు ఒక గంట ముందే ఇచ్చిపెట్టాడు. ఇయర్‌ఫోన్లు సంచీలో వేసి కిటికీ పక్కన కూర్చోండి. వారధి మీద కృష్ణ దాటుతున్నప్పుడు ఉదయం చదివిన సంఘటన గుర్తుచేసుకోండి. తాడేపల్లి నుంచి మంగళగిరి దాకా మనుషుల పేర్లు తలుచుకోండి, ఒక్కో పేరు దగ్గర కాస్త ఆగుతూ. మంగళగిరి దాటాక ఏమీ అనకుండా ఊరికే కూర్చోండి. "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్న కీర్తనకారుడు ఏసీ గదిలో కూర్చుని రాయలేదు. ఆ 46వ కీర్తన నిండా యుద్ధాలు, కదిలే కొండలు, హోరెత్తే నీళ్ళు. కండక్టర్ కేకల మధ్య చెయ్యవచ్చు.

ఇంట్లో ఉండేవాళ్ళు చుట్టుపక్కల వినిపించే శబ్దాలనే గుర్తుగా పెట్టుకోవచ్చు. మా వైపు తెల్లవారుజామున మసీదులో అజాన్, తర్వాత గుడిలో సుప్రభాతం వినిపిస్తాయి. పక్కవాళ్ళు తమ దేవుడి కోసం లేచారని తెలిసినప్పుడు విసుక్కోవడం కన్నా లేచి కూర్చోవడం మంచిది.

పడుకునే ముందు

బెజవాడలో 1953లో ఆంధ్ర లొయోలా కాలేజీ పెట్టింది కథోలికుల యేసు సభకి చెందిన జెస్యూట్ ఫాదర్లు. వాళ్ళ సభను ప్రారంభించిన ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన పరిశీలన ప్రార్థన ఏ శాఖవాళ్ళైనా చేసుకోవచ్చు. ఈ రోజుకి వందనాలు చెప్పండి. చూడటానికి వెలుగు అడగండి. పొద్దున లేచినప్పటినుంచీ జరిగిందంతా వరసగా తలుచుకోండి. తప్పిన చోట క్షమించమనండి. రేపటి గురించి ఒక్క నిర్ణయం తీసుకోండి. పది నిమిషాలు పడుతుంది. మూడోది చేస్తుండగానే నిద్ర వచ్చేస్తే పడుకోండి, అదేం నేరం కాదు.

ఉపవాసం ఖరీదు కట్టండి

ఉపవాసం మనకి కొత్త కాదు. ఈస్టరుకి ముందు శ్రమల కాలం 40 రోజులు మాంసం మానేవాళ్ళున్నారు, శుక్రవారం సాయంత్రం దాకా మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళున్నారు. అయితే యెషయా 58 తీసి చూడండి. దేవుడు కోరే ఉపవాసంలో ఆకలిగా ఉన్నవాడితో అన్నం పంచుకోవడం ఉంది. అందుకని మానేసిన భోజనం ఖరీదెంతో లెక్కకట్టి, ఆ డబ్బు అదే రోజు ఇల్లు దాటించండి. గుంటూరు పెద్దాసుపత్రి బయట పేషెంట్ల తాలూకు మనుషులు చాపలు పరుచుకుని ఉంటారు, అక్కడ మొదలుపెట్టవచ్చు. పొట్లం ఇచ్చి వచ్చెయ్యకుండా పక్కన కూర్చుని ఏ ఊరని అడగండి. ఫోటో మాత్రం దిగొద్దు. మత్తయి 6లో ఉపవాసం ఉన్నప్పుడు తల అంటుకుని ముఖం కడుక్కోమన్నాడు ప్రభువు, స్టేటస్ పెట్టమనలేదు.

షుగర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు, టైముకి మందులు వేసుకోవాల్సినవాళ్ళు అన్నం మానొద్దు. వాళ్ళు ఫోన్ మానవచ్చు. నిజానికి చాలామందికి అదే కష్టమైన ఉపవాసం.

పక్కవాళ్ళ గుడికి వెళ్ళండి

మన పద్ధతి మనకి కనపడాలంటే ఒకసారి ఇంకొకరి దగ్గర కూర్చోవాలి. లూథరన్లు, బాప్టిస్టులు, పెంతెకొస్తువాళ్ళు ఒక మామూలు రోజు బెజవాడలో కథోలికుల గుణదల మాత కొండకి వెళ్ళండి. ఫిబ్రవరి 9, 10, 11 తిరునాళ్ళ రోజుల్లో వద్దు, ఆ జనంలో ఏమీ చూడలేరు. కొండ మెట్లు నెమ్మదిగా ఎక్కండి. తలనీలాలు ఇచ్చేవాళ్ళు, కొబ్బరికాయలు పట్టుకొచ్చేవాళ్ళు, క్రైస్తవులు కానివాళ్ళు కూడా కనిపిస్తారు. మీ నోట్లో వెంటనే ఒక విమర్శ తయారవుతుంది. దాన్ని అక్కడే మింగి, ఆ తల్లి ఏ బిడ్డ కోసం అన్ని మెట్లు ఎక్కుతోందో ఆలోచించండి. శ్రమల కాలంలో అయితే కథోలికుల సిలువ మార్గంలో కలవండి. 14 స్థలాల్లో ఒక్కోచోట ఆగి, మోకరించి, లేచి నడుస్తుంటే, మంచి శుక్రవారం కుర్చీలో కూర్చుని యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు వినేవాళ్ళకి సిలువ పొడవు తెలుస్తుంది. కథోలికులైతే మీ వీధిలో గృహకూడికకి వెళ్ళి, చదువురాని ఒక అమ్మ కళ్ళు మూసుకుని సొంత మాటల్లో చేసే ప్రార్థన వినండి.

ఇంకో పని ఉంది, కాస్త ధైర్యం కావాలి. క్రైస్తవులు కాని పక్కింటివాళ్ళని, చనువుంటేనే, అడగండి: "పిన్నిగారూ, మా గుడి గురించి మీకేమనిపిస్తుంది? మొహమాటపడకుండా చెప్పండి." మొదట మైకు సౌండు గురించే చెప్తారు. ఆ మాట పట్టించుకోండి. రెండోది చెప్పేదాకా ఆగండి, అందులో మీరెప్పుడూ చూడని మీ సంఘం ఉంటుంది.

మీ సంఘంలోనే వెనక వరసలో కూర్చునే పెద్దామెని కూడా వదలొద్దు. "మామ్మా, సాక్ష్యం చెప్పు" అంటే ఏళ్ళ తరబడి చెప్పి చెప్పి అరిగిపోయినదే చెప్తుంది. "మామ్మా, ప్రార్థన నోటికి రాని రోజులుంటాయా నీకు? అప్పుడేం చేస్తావు?" అని అడగండి. ఆ జవాబు నోట్‌బుక్‌లో రాసుకోదగింది.

ఏమీ కనిపించని రోజులు

ఇవన్నీ చేస్తున్నా పొడిగా గడిచే వారాలు వస్తాయి. అప్పుడు పద్ధతి మార్చొద్దు, పరిమాణం తగ్గించండి. మార్కును అక్కడే ఆపి, రోజూ 13వ కీర్తన ఒక్కటే చదవండి. ఆరే వచనాలు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. దేవుణ్ణి అలా అడగొచ్చని మన పాటల పుస్తకాలు పెద్దగా నేర్పలేదు కానీ కీర్తనల గ్రంథం నేర్పింది. 88వ కీర్తనైతే చీకటి దగ్గరే ఆగిపోతుంది, చివర్లో స్తుతి కూడా ఉండదు. అదీ ప్రార్థనే అని లేఖనంలో ఉంచారు.

అయితే నిద్ర, తిండి పోయి, ఏ పని మీదా మనసు లేకుండా రెండు వారాలు దాటితే దాన్ని ఆత్మీయ ఎడారి అనుకుని కూర్చోవద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. ప్రార్థన అక్కడికి మీతో పాటే వస్తుంది. "విశ్వాసం ఉంటే మందులెందుకు" అనేవాళ్ళ మాట చెవిన వేసుకోవద్దు. గుంటూరులో మిషనరీ డాక్టర్ కుగ్లర్ ఆసుపత్రి కట్టించింది విశ్వాసం లేక కాదు.

నోట్‌బుక్ నిండాక

రోజుకో సంఘటన చొప్పున మార్కు పూర్తవడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. అయిపోగానే లూకాకి పరిగెత్తకండి. అదే నోట్‌బుక్ తీసుకుని మార్కు మొదటి అధ్యాయం నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. ఖాళీగా ఉంచమన్న కుడి పేజీ ఇందుకే. ఎడం పక్క రాసింది చూడకుండా కొత్తగా చదివి, చెప్పి, నాలుగు భాగాలూ రాయండి. రాయడం అయ్యాకే రెండు పేజీలూ పక్కపక్కన చదవండి. రెండూ ఒకేలా ఉంటే ఆ సంఘటన దగ్గర ఇంకో రోజు ఉండండి. వేరుగా ఉంటే ఏం మారిందో ఆ వారం ఇంట్లో ఒకరికి చెప్పండి, కూటంలో కాదు, అన్నం తినేటప్పుడు.